ముగింపు తెలిసిన కథ

జడ్చర్ల నుంచి మహబూబ్‌నగర్‌కు రోజూ బస్సులో వెళ్లి బీఎడ్ చదువుకుంటున్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: ‘‘దారిలో ప్రేమ నవలలు చదువుతాను. రాజుల కాలానివీ, ఈ కాలానివీ రెండూ ఇష్టమే. మా అన్న నవ్వుతాడు. ‘చివరికి ఇద్దరూ ఒకటవుతారని మొదటి పేజీలోనే తెలిసిపోయాక మిగతా మూడు వందల పేజీలు ఎందుకు?’ అంటాడు. చారిత్రక నవలయితే కనీసం చరిత్ర తెలుస్తుందట, మామూలు ప్రేమ నవల ఉత్త కాలక్షేపమట. నాకు జవాబు తోచలేదు. మీరైతే ఏం చెబుతారు?’’

అమ్మా, నేను విమర్శకురాలిని కాను. ముప్పై ఒక్క ఏళ్లు గ్రంథాలయాల్లో పనిచేసి రిటైరయ్యాను. నల్లగొండలో మొదలుపెట్టి దేవరకొండ, మక్తల్, గద్వాల తిరిగి చివరికి మళ్లీ నల్లగొండే చేరాను. ఏ పుస్తకం గొప్పదో తేల్చే చదువు నాకు లేదు కాని, ఏ పుస్తకం అట్ట ఎప్పుడు ఊడుతుందో చూడగానే చెప్పగలను. ప్రేమ నవలలకు దాదాపు ఏటా కొత్త బైండింగ్ వేయించేవాళ్లం. బీరువా పై అరలోని లావుపాటి గ్రంథాలు నేను చేరిన రోజు ఎలా ఉన్నాయో దిగిపోయిన రోజూ అలాగే ఉన్నాయి, దుమ్ము ఒక్కటే పెరిగింది. ఒక అధికారి తనిఖీకి వచ్చి, ‘‘ఈ చెత్తంతా ఎందుకు కొంటున్నారు?’’ అని మందలించి వెళ్లాడు. మరుసటి వారం వాళ్ల ఇంటి నుంచే చీటీ వచ్చింది, ఆ ‘చెత్త’లోని రెండో భాగం పంపమని.

మీ అన్న ప్రశ్న మంచిదే. దాన్ని ఈసారి శ్రీరామనవమి పందిట్లో నిలబడి అడగమను. పెళ్లికొడుకెవరో పెళ్లికూతురెవరో ఊరందరికీ తెలుసు. విల్లు విరిగిందని తెలుసు, తాళి కడతాడనీ తెలుసు. అయినా నడినెత్తిన ఎండలో చెమటలు కక్కుతూ కూర్చుంటారు. చిందు యక్షగానం ఆడిన రాత్రి తెల్లవారేదాకా కూర్చున్న మా అమ్మమ్మకు ఆ కథ కొత్తదేమీ కాదు. పాత్రధారి ఒక మాట మరిచిపోతే ముందు వరుసలోంచి తనే అందించేది.

ప్రేమకథలో చదివేది కలయికను మాత్రమే అనుకుంటే మీ అన్న మాట నిజమే, ఆఖరి పేజీ చాలు. కాని చదివేది ఎడబాటును. ఈ లెక్క మన దగ్గరే ఒకరు తేల్చిపెట్టారు. ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని రాచకొండను ఏలిన సింగభూపాలుడు ఆరు వందల ఏళ్ల కిందట ‘రసార్ణవసుధాకరం’ అని సంస్కృతంలో ఒక లక్షణ గ్రంథం, అంటే కావ్యాలకు సూత్రాలు చెప్పే పుస్తకం, రాశాడు. అందులో విప్రలంభ శృంగారాన్ని, అంటే ఎడబాటులోని ప్రేమను, నాలుగు రకాలు చేశాడు: పూర్వానురాగం, మానం, ప్రవాసం, కరుణం. ఇంకా కలవకముందు పడే తపన మొదటిది. కలిశాక అలక రెండోది. దూరదేశం వెళ్లడం మూడోది. ఇక మనిషి దక్కడేమో అనుకున్న దుఃఖం నాలుగోది. ఇప్పుడు నీ సంచిలోని నవల తీసి చూడు. బస్‌స్టాప్‌లో తొలిచూపు, అపార్థం వల్ల మాటలు లేకపోవడం, అమెరికా ఉద్యోగం, ఆసుపత్రి వరండాలో రాత్రి. నాలుగూ ఉంటాయి, చాలావరకు అదే వరుసలో కూడా. ఆ రాచకొండ కొలువు చుట్టూ పుట్టిందే ‘భోగినీ దండకం’, ఆ వంశపు రాజు మీద మనసుపడిన ఒక వేశ్య కూతురి కథ. భాగవతం తెనిగించిన పోతనే దాన్ని రాశాడని చెబుతారు. మీ అన్నతో వాదన ముదిరినప్పుడు పోతన పేరు ఎత్తు, కాసేపు ఊరుకుంటాడు.

ముగింపు ముందే తెలియడం ఎందుకు కావాలో మాత్రం నాకు శాస్త్రం చెప్పలేదు. మక్తల్‌లో ఒక ఆమె చెప్పింది.

ఆమె ఏడో తరగతి దాకా చదువుకుంది. భర్త బొంబాయిలో తాపీ పనికి వెళ్లేవాడు. పాలమూరు వలస సంగతి నీకు చెప్పనక్కర్లేదు. వానాకాలం పంట ఇంటికొచ్చాక ఊళ్లకు ఊళ్లే బస్సెక్కేవి. అత్తమామలకోసమూ పిల్లల బడికోసమూ ఉండిపోయిన ఆడవాళ్లలో ఆమె ఒకతె. వారానికో నవల తీసుకునేది. తీసుకునే ముందు ఒకటే ప్రశ్న: ‘‘మేడం, ఇందులో ఆయన తిరిగి వస్తాడా?’’

ఒకసారి నేను చదవని నవలకు ‘‘వస్తాడమ్మా’’ అనేశాను. పని ఒత్తిడిలో ఉన్నాను, పుస్తకం చేతిలో పెట్టి పంపించేశాను. అందులో అతను రాడు. రెండు రోజులకే ఆ పుస్తకం నా బల్లమీద పెట్టి ఏమీ అనకుండా వెళ్లిపోయింది. నెల రోజులు రాలేదు. ఆ నెలలో నేను మా శాఖలోని నవలలన్నింటికీ ఆఖరి ప్రకరణాలు చదివాను. సుఖాంతమైతే వెనక అట్ట లోపల పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టాను. ఆమె తిరిగి వచ్చాక ఆ చుక్క సంగతి చెప్పాను. తరువాత ఏడాది తిరిగేసరికి మక్తల్‌లో సగం మంది ఆడవాళ్లు పుస్తకాన్ని వెనకనుంచి తెరిచేవారు. చుక్క కనిపించాక ఎంత కష్టమైన కథనైనా పట్టుకుపోయేవారు. అత్త రాచిరంపాన పెట్టే కథ, బిడ్డ పోయే కథ, ఊరు మునిగిపోయే కథ, ఏదైనా సరే. ఇల్లు చేరతామని తెలిసినవాళ్లే అడవిలోకి అంత దూరం పోగలరు. మీ అన్నకు ముగింపు తెలిస్తే ఆసక్తి పోతుంది. ఆమెకు తెలిస్తేనే మొదలుపెట్టే ధైర్యం వచ్చేది. ఇద్దరూ వేర్వేరు పనుల మీద పుస్తకం తెరుస్తున్నారు, అంతే.

ఇక చారిత్రక నవలల సంగతి. నాకు వాటి మీద మోజు పుట్టింది నవలల వల్ల కాదు, రాళ్ల వల్ల. నకిరేకల్ దగ్గర చందుపట్లలో ఒక శాసనం ఉంది. రుద్రమదేవి ఎప్పుడు కన్నుమూసిందో మనకు తెలిసింది దానివల్లే: 1289. రుద్రమకూ, సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని పువ్వుల ముమ్మడి అనే అతను భూమి దానం చేసి వేయించిన రాయి అది. అలాగే మీకు దగ్గర్లోని భూత్పూర్, పాత పేరు బూదపురం. అక్కడ 1276 నాటి శాసనాన్ని వేయించింది ఒక స్త్రీ. కుప్పాంబిక, రంగనాథ రామాయణం చెప్పిన గోన బుద్ధారెడ్డి కూతురు, సేనాని మల్యాల గుండయ భార్య. రాళ్లు ఎంత నికరంగా మాట్లాడతాయో చూడు: ఫలానా వారి కూతురు, ఫలానా వారి భార్య, ఫలానా సంవత్సరం. కవి ఇంట్లో పుట్టిన ఆ పిల్ల సేనాని ఇంట్లో ఏం మాట్లాడుకునేది? యుద్ధానికి పోయినవాడి కోసం ఎన్ని రాత్రులు తలుపు వైపు చూసింది? రుద్రమ, ఆమె భర్త చాళుక్య వీరభద్రుడు ఒక గదిలో ఉన్నప్పుడు ఎవరి మాట చెల్లేది? ఏ రాయీ చెప్పదు. ఆ ఖాళీలోకి నవల వెళ్తుంది. మనమూ దాని వెనక దూరుతాం.

అందుకే అడివి బాపిరాజు ‘గోన గన్నారెడ్డి’ మన పాలమూరువాళ్లకు ఒక రకంగా సొంత నవల. ఆయన పుట్టింది పశ్చిమ గోదావరి వైపు. కథ మాత్రం మన వర్ధమానపురానిది, ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లా నంది వడ్డెమాన్. అక్కడికి శనేశ్వరుడి గుడికి పోయేవాళ్లు చాలామంది ఉంటారు. ఆ మట్టిమీద ఒకప్పుడు గుర్రాలమీద తిరిగిన గన్నారెడ్డిని తలుచుకునేవాళ్లు ఆ నవల చదివినవాళ్లే. నేను మొదటిసారి వెళ్లినప్పుడు దేవుడికి దండం పెట్టుకోవడం మరిచిపోయి కోట గోడ ఏమైనా మిగిలిందా అని చుట్టూ చూస్తూ నిలబడ్డాను. మా ఆయనకు ఇప్పటికీ ఆ కోపం ఉంది.

చారిత్రక ప్రేమ నవల రాసేవాళ్లకు ఒక సుఖం ఉంది. అడ్డంకి కోసం వెతుక్కోనక్కర్లేదు, కాలమే ఇస్తుంది. రెండు రాజ్యాల పగ, సామంతుడి కూతురు, ఇచ్చిన మాట, పది రోజులు నడిస్తే గాని చేరని ఉత్తరం. ఇంగ్లండులోనూ ఇదే తంతు. వాళ్ల చారిత్రక ప్రేమ నవలలు లెక్కలేనన్ని 1811 నుంచి 1820 దాకా ఉన్న కాలం చుట్టూ తిరుగుతాయి. రాజుకు మతి చలించి కొడుకు రాజప్రతినిధిగా పాలించిన రోజులవి. ఆ తొమ్మిదేళ్లకే అంత గిరాకీ ఎందుకంటే, అప్పటి పెద్ద ఇళ్లలో భూములు మగ వారసులకే పోయేవి. ఆడపిల్లకు పెళ్లే బతుకుతెరువు. ఒక నృత్యానికి ఎవరు చెయ్యి అందించారన్నది ముప్పై ఏళ్ల అన్నం సంగతి. మనకిది అర్థం కావడానికి ఇంగ్లండు పోనక్కర్లేదు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చే చట్టం ఇక్కడ వచ్చింది 1986లో. అంతకుముందు పుట్టింటి నుంచి పట్టుచీర, పసుపు కుంకుమలతో బయలుదేరిన మా తరం వాళ్లకు ఆ ఇంగ్లిషు పిల్లల భయం అనువాదం లేకుండానే తెలిసింది.

అయితే మీ అన్న చెప్పినట్టు చరిత్ర తెలుసుకోవడానికని ఈ నవలలు చదవకు. మోసపోతావు. కాకతీయుల వంటింట్లో నాయిక ఎర్రగా మిరపకాయలు నూరే నవలలు నేను మూడు చదివాను. మిరపకాయ మన దేశానికి పోర్చుగీసువాళ్లతో వచ్చింది, వాస్కో డ గామా ఇక్కడ దిగిందే 1498లో. రుద్రమ కాలంలో కారం అంటే మిరియాలు. టమాటా, ఆలుగడ్డ కూడా అంతే. పాలమూరు పేరు చెబితే గుర్తొచ్చే పల్లీ దక్షిణ అమెరికా పంట. గన్నారెడ్డి ఒక్క పల్లీ గింజ కూడా నోట్లో వేసుకోలేదు పాపం. కాని మిరపకాయను నేను క్షమిస్తాను. నాయిక నోట ఇప్పటి ఉపన్యాసం పలికించడాన్ని క్షమించలేను. పదమూడో శతాబ్దపు పిల్ల తన కాలానికి లోబడే ఎక్కడో ఒక సందు చూసుకుని తన ఇష్టం నెగ్గించుకోవాలి. గుడికి దానం పేరుతో, నోము పేరుతో, మౌనంతో, అలకతో. ఆ సందు వెతకడంలోనే రచయిత పనితనం. కోట గోడను ఒక్క ఉపన్యాసంతో కూల్చేస్తే ఇక చదవడానికి ఏముంది?

ఇప్పుడు ఈ కాలపు ప్రేమ నవల. దీన్ని మీ అన్న ఉత్త కాలక్షేపం అన్నాడు కదా, రాయడానికి కష్టమైనది నిజానికి ఇదే. గోడలు చాలావరకు కూలాయి, కనీసం కథల్లో. పిల్లకు ఉద్యోగం ఉంది, ఫోను ఉంది, నచ్చకపోతే బస్సెక్కి వచ్చేయగలదు. మా రోజుల నవలల్లో ఒక ఉత్తరం తప్పుడు చేతిలో పడితే వంద పేజీల అపార్థం గడిచేది. ఇప్పుడు ‘నువ్వు అలా అన్నావా?’ అని ఒక మెసేజ్ పెడితే ఆ వంద పేజీలూ గాలికి పోతాయి. ఫోను వచ్చాక అపార్థానికి ఆయుష్షు తగ్గిపోయింది. అందుకని మంచి రచయితలు అడ్డంకిని మనిషి లోపలికి తీసుకెళ్లారు. ఆత్మాభిమానం, ఒకసారి దెబ్బతిన్న భయం, ఇంటికి పంపాల్సిన జీతం, నాన్న చేసిన అప్పు, కులం మాట ఎప్పుడు ఎత్తాలో తెలియని పిరికితనం. తేలికపాటివాళ్లు మాత్రం ఇంకా హీరో ఫోను నీళ్లలో పడేసి పని కానిస్తున్నారు.

మా తరం ఆడవాళ్లు 1960ల, 70ల నవలలకు ఎందుకు అంత అతుక్కుపోయారని అడిగితే అందరూ ఆ ఆరడుగుల హీరో, ఆ కారు అంటారు. కారు ఉన్న మాట నిజమే. దేవరకొండలో ఒక టీచరమ్మ పుస్తకం గడువు పొడిగించుకుంటూ, ‘‘ఆ కారు మన ఊరి రోడ్డు మీద రెండు ఫర్లాంగులు కూడా పోదమ్మా’’ అని నవ్వింది. కాని ఆమె పొడిగించుకున్నది కారు కోసం కాదు. యద్దనపూడి సులోచనారాణి పేరు మోగించిన నవల పేరు చూడు, ‘సెక్రటరీ’. అది ఒక ఉద్యోగం పేరు. నెల జీతం తీసుకునే పిల్ల, యజమాని ముందు తల దించకుండా జవాబిచ్చే పిల్ల, ఆ పిల్ల చెప్పేది ఒక మగవాడు ఆగి వినడం. మా ఇళ్లలో అప్పటికి ఎవరూ మా మాట పూర్తయ్యేదాకా ఆగినవాళ్లు లేరు. నన్ను అడిగితే ప్రేమ నవల ఆకర్షణ అంతా అక్కడుంది. నాయిక కాఫీలో చక్కెర ఎంత వేసుకుంటుందో ఒకడు గమనించాడు, రెండు వందల పేజీల తరువాత కూడా గుర్తుపెట్టుకున్నాడు. బయటివాళ్లకు అది పిచ్చి సంగతి. పొద్దున లేచింది మొదలు అందరికీ ఎన్ని చెంచాలో గుర్తుపెట్టుకుని కలిపి ఇచ్చే మనిషికి కాదు.

ఆ నవలల్లో నేను ఇప్పటికీ మింగలేనిది ఒకటుంది. హీరో చెయ్యి విసురుతాడు, చేతిని నలిపేస్తాడు, వారం రోజులు మాట్లాడడు, చివర్లో అదంతా ప్రేమే అంటాడు. చిన్నప్పుడు నేనూ నమ్మాను. కొన్నాళ్లు పనిచేశాక, అలాంటి ఇళ్ల నుంచే చీటీలు పంపే ఆడవాళ్లను చూశాక నమ్మడం మానేశాను. అలాంటి పుస్తకాలను దాచేయలేదు. చుక్క మాత్రం పెట్టలేదు.

గద్వాలలో ఉన్నప్పుడు మా ఇంటి పక్కన ఒక మగ్గం ఉండేది. తల్లి గుంతలో కూర్చుని నేసేది, కూతురు కండెలు చుట్టేది. కండెలు చాలినన్ని అయ్యాక ఆ పిల్ల నా దగ్గర తెచ్చిన నవల పైకి చదివేది. మగ్గం చప్పుడు మీద వినపడాలని గొంతు పెంచి చదివేది, ప్రేమ మాటలు కూడా. వీధంతా వినేది. గద్వాల చీర తెలుసు కదా, ఒళ్లు నూలు, అంచు పట్టు. ఆ రెండూ కలిసే చోట పోగు పోగుకూ ముడివేసి నేయాలి, అక్కడ తల్లి చెయ్యి నెమ్మదించేది. ఒకరోజు కథలో ఇద్దరూ ఇట్టే కలిసిపోతే ఆమె మగ్గం ఆపి, ‘‘ఇదేం నేత? గుంజితే ఊడి వస్తుంది’’ అంది. అంతకంటే మంచి సమీక్ష నేను ఏ పత్రికలోనూ చదవలేదు.

అమెరికాలో జానిస్ రాడ్వే అనే ఆచార్యురాలు ఒక ఊళ్లోని ప్రేమ నవలల పాఠకురాళ్లను కలిసి మాట్లాడి 1984లో ఒక పరిశోధన గ్రంథం వేసింది. వాళ్లు చెప్పినదాంట్లో ఆమెను ఆపేసిన సంగతి కథల గురించి కాదట, చదవడం గురించి. పుస్తకం చేతిలో ఉన్నంతసేపూ ఇంట్లో ఎవరికీ అందుబాటులో ఉండం, ఆ సమయం మాది అన్నారు వాళ్లు. నేను అది చదివి నవ్వుకున్నాను. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య మా రిజిస్టరులో ఆడవాళ్ల సంతకాలు ఎందుకు పెరిగేవో ఆమె వచ్చి అడిగి ఉంటే చెప్పేదాన్ని. ఇప్పుడు ఆ రెండు గంటలు ఫోనులోకి మారాయి. ప్రతిలిపి లాంటి చోట్ల రోజుకో భాగం చొప్పున ధారావాహికలు వస్తున్నాయి. నేనూ చదువుతున్నాను. అచ్చుతప్పులు కళ్లలో గుచ్చుకుంటాయి గాని, మన జిల్లాల ఊళ్ల పేర్లు ఇంత విరివిగా ప్రేమకథల్లో కనిపించడం నా ఉద్యోగ కాలంలో చూడలేదు. ఒకదాంట్లో నాయిక మిర్యాలగూడ రైస్‌మిల్లులో లెక్కలు రాస్తుంది. హీరో ధాన్యం తూకంలో మోసం పట్టుకుంటాడు. నాకు తెగ నచ్చింది.

పుస్తకం ఎంచుకోవడానికి ఒక ఉపాయం చెబుతాను, నా అనుభవంలో తప్పింది తక్కువ. మొదటి పేజీ చూడకు, అక్కడ అందరూ బాగానే రాస్తారు. మధ్యకు తెరిచి వాళ్లిద్దరూ పోట్లాడుకునే చోటు వెతుకు. ఆ రెండు పేజీలు చదివాక ఇద్దరిలోనూ న్యాయం కనిపిస్తే ఇంటికి తీసుకెళ్లు. ఒక్కరిదే న్యాయమైతే అక్కడ ఎడబాటు లేదు, పేజీలు మాత్రమే ఉన్నాయి. చారిత్రకానికీ ఇదే కొలత, సాంఘికానికీ ఇదే.

మీ అన్నకు ఇదంతా చెప్పాలనేం లేదు. ఒక నవల పోట్లాట దగ్గర గుర్తు పెట్టి అతని మంచం పక్కన వదిలెయ్. నువ్వు మాత్రం సీటు దొరకని రోజు పుస్తకం తెరవకు. ఆ అరగంట దారిలో ఒక చేత్తో కడ్డీ పట్టుకుని చదివితే, సరిగ్గా ఆయన తలుపు తట్టే చోట మహబూబ్‌నగర్ వచ్చేస్తుంది.